అడాల్ఫ్ వోల్ఫ్లీ

అడాల్ఫ్ వోల్ఫ్లీ (ఫిబ్రవరి 29, 1864 - నవంబరు 6, 1930) స్విట్జర్లాండు దేశానికి చెందిన చిత్రకారుడు, రచయిత, స్వరకర్త. నేడు స్కిజోఫ్రీనియాగా వ్యవహరింపబడే మనోవ్యాధికి లోనై, జీవితంలోని చివరి 35 సంవత్సరాలు బెర్న్ నగర సమీపంలోని వాల్డావ్ మానసిక చికిత్సాలయంలో గడిపాడు. బొమ్మలు, కథనం, సంగీతం కలగలిసిన దాదాపు 25,000 పుటల రచనను అక్కడే సృష్టించాడు.

బాల్యం

వోల్ఫ్లీ ఒక నిరుపేద కుటుంబంలోని ఏడుగురు సంతానంలో కడపటివాడు. రాతిపని చేసే తండ్రి తాగుడుకు బానిసై, 1870 ప్రాంతంలో కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోయాడు. తల్లి బట్టలు ఉతికి పిల్లలను పోషించింది. 1872లో ఈ తల్లీకొడుకులను పూర్వీకుల గ్రామానికి పంపి, అక్కడ వేరుచేశారు. మరుసటి సంవత్సరమే తల్లి మరణించింది. ఆనాటి స్విస్ ఆచారం ప్రకారం దిక్కులేని పిల్లలను రైతుల ఇళ్ళలో పనికి పెట్టేవారు. మన పాలేరుతనం వంటిదే. ఇతని బాల్యమంతా అలా ఇల్లు మారుతూ గడిచింది. ఆ ఆచారానికి బలైన వారికి స్విస్ ప్రభుత్వం 2013లో క్షమాపణ చెప్పింది.

నేరం, నిర్బంధం

పెద్దయ్యాక కూలిపనులు చేస్తూ ఒంటరిగా బ్రతికాడు. 1890లో బాలికలపై అత్యాచార యత్నానికి జైలుశిక్ష పడింది. తిరిగి అటువంటి నేరమే చేయగా, 1895లో మానసిక స్థితిని పరీక్షించడానికి వాల్డావ్‌కు పంపారు. బాల్యంలో పడిన కష్టాలు ఈ నేరాలకు సమాధానం కాజాలవు. ఇతని కళను మెచ్చుకునేవారు దీనిని దాటవేయడం న్యాయం కాదు. చికిత్సాలయంలో మొదటి సంవత్సరాలలో భ్రాంతులతో, హింసాత్మక ప్రవర్తనతో ఉండేవాడు. చాలాకాలం ఒంటరి గదిలో ఉంచారు. 1899 నుండి బొమ్మలు గీయనారంభించాడు. ఆ పనిలో ఉన్నంతసేపు శాంతంగా ఉండేవాడు.

రచనలు, సంగీతం

ప్రతి సోమవారం ఇతనికి ఒక పెన్సిలు, రెండు పెద్ద కాగితాలు ఇచ్చేవారు. పెన్సిలు రెండు రోజులలోనే అరిగిపోయేది. తరువాత దొరికిన ముక్కలతోనే పని సాగించేవాడు. 1908లో తన ఊహాజనిత ఆత్మకథను ప్రారంభించాడు. అందులో వోల్ఫ్లీ లోకమంతా పర్యటించి, చివరకు "సెయింట్ అడాల్ఫ్" అవుతాడు. బొమ్మల నడుమ స్వరాలు కనిపిస్తాయి. పాశ్చాత్య లిపిలో అయిదు గీతలు ఉండగా, ఇతడు తరచు ఆరు గీతలు గీశాడు. తరువాతి పుస్తకాలలో మన సరిగమల వంటి స్వరాక్షరాలతో పోల్కాలు, మార్చ్‌లు వ్రాశాడు. కాగితాన్ని బాకాగా చుట్టి వాటిని ఊదేవాడు. సంగీత శిక్షణ ఏమాత్రం లేనివాడు! ఆ స్వరాలను చదవడం సాధ్యం కాదని చాలాకాలం భావించారు. 1970లలో సంగీతజ్ఞులు పరిశీలించి, కొన్నింటిని వాయించవచ్చునని తేల్చారు.

వైద్యశాస్త్రంలో స్థానం

జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ ఈ వ్యాధిని పిన్నవయసులోనే బుద్ధి క్షీణించే జబ్బుగా వర్ణించాడు. క్షీణత అందరిలో కనబడదని గ్రహించిన స్విస్ వైద్యుడు బ్లాయ్‌లర్ 1908లో దానికి స్కిజోఫ్రీనియా అని పేరు మార్చాడు. వాల్డావ్ వైద్యుడు వాల్టర్ మోర్గెంథాలర్ 1921లో వోల్ఫ్లీ గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. రోగి అసలు పేరును పేర్కొంటూ, అతనిని కళాకారునిగా గౌరవించడం అప్పటికి కొత్త. ఒక వ్యక్తి భ్రాంతులలో మునిగి ఉండి కూడా వేల పుటల నిర్మాణాన్ని ఏళ్ళ తరబడి మనసులో నిలుపుకోగలిగాడన్నది ఆ గ్రంథం వలన వెల్లడైంది.

వోల్ఫ్లీకి ఎవరూ సంగీత చికిత్స చేయలేదు. తన సంగీతాన్ని తానే కల్పించుకున్నాడు. తరువాతి కాలంలో సంగీత చికిత్స ఒక వృత్తిగా రూపొందింది. 2017లో ప్రచురితమైన కోక్రేన్ సమీక్ష 18 అధ్యయనాలను (1,215 మంది) పరిశీలించి, మామూలు వైద్యానికి దీనిని జోడిస్తే నిరాసక్తత వంటి లక్షణాలు, సామాజిక వ్యవహారం మెరుగుపడవచ్చునని, అయితే తగినన్ని పర్యాయాలు జరగాలని పేర్కొంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల విషయంలో ఆధారాలు అంత గట్టివి కావు.

మరణం, అనంతరం

1928లో మొదలుపెట్టిన "శవయాత్రా గీతం" 8,000 పుటలు దాటింది. అది పూర్తికాకుండానే వోల్ఫ్లీ ఉదర కాన్సరుతో మరణించాడు. 1975లో బెర్న్ లలితకళల మ్యూజియంలో ఇతని పేర సంస్థ ఏర్పడి రచనలను భద్రపరచింది. డెన్మార్కు స్వరకర్త పెర్ నోర్‌గార్ ఇతని కృతులతో ప్రభావితుడై 1981లో తన నాలుగవ సింఫనీని రచించాడు.