నిర్బంధమున కారుణ్యవ్యాఖ్య : మౌలానా ఆజాదు

అబుల్ కలాం ఆజాదు 1888వ సంవత్సరమున మక్కానగరమున జన్మించి కలకత్తాలో పెరిగెను. 1912లో ఆయన స్థాపించిన 'అల్ హిలాల్' ఉర్దూ వారపత్రిక ఆంగ్ల ప్రభుత్వమునకు కంటగింపయ్యెను. 1916లో ప్రభుత్వ మాయనను వంగదేశమునుండి బహిష్కరించి, 1919 తుదివరకు రాంచీలో నిర్బంధించెను. ఆ కాలమున సోదాలలోను, 1921 నాటి కారాగారవాసముతోడను, ఖురాను అనువాద వ్యాఖ్యానముల వ్రాతప్రతులు చేజారి ఛిన్నాభిన్నములయ్యెను.

ఆజాదు మరల మొదటినుండి వ్రాసి, 'తర్జుమానుల్ ఖురాన్' ప్రథమ సంపుటమును 1931లో వెలువరించెను. అందలి ఫాతిహా అధ్యాయవ్యాఖ్యలో ఈశ్వరుని పోషణ, కారుణ్యము, న్యాయము అను మూడు గుణములను వివరించి, న్యాయమును సైతము కారుణ్యముననే అంతర్భవింపజేసెను. సర్వము కోల్పోయిన చేతితో వ్రాసిన సిద్ధాంతమిది.

1942లో అహమ్మద్‌నగరు కోటలో బందీయైన పిదప భార్య జులేఖా బేగము జబ్బు ముదిరెను. ఆజాదు విడుదలకై ప్రభుత్వము నర్థింపలేదు. 1943 ఏప్రిలులో ఆమె కలకత్తాలో మరణించెను. పైకి కనబడిన నిబ్బరము వెనుక తా ననుభవించిన వేదనను ఆయన లేఖలలో దాచలేదు. ఆ లేఖలే 1946లో 'గుబారె ఖాతిర్' అను పేర వెలువడెను. వ్యాఖ్యానము మూడవ సంపుటము పూర్తికాకయే 1958 ఫిబ్రవరి 22న ఆయన ఢిల్లీలో దివంగతుడయ్యెను.

ఆజాదు జీవితమున దుఃఖమునకును చోటుండెను, దైవకారుణ్యమునందలి విశ్వాసమునకును చోటుండెను.