ఢిల్లీ యెండకు తెర గట్టిన శిల్పి : ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్

పరదేశమున రాయబార భవనమును నిర్మింపజేయుట సులభకార్యము గాదు. కట్టించువారి దేశమొకటి, కట్టు నేల యొకటి. కాగితముపై గీచినవాడొకడు, దిమ్మె నెత్తువాడొకడు. అట్టి భారమును వహించి, నీడను, నీటిని, గాలిని నమ్ముకొనిన యొక శిల్పి చరిత్రమును మా చదువరులకు జెప్పనెంచితిమి.

ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ 1902వ సంవత్సరము మార్చి 9వ తేదీన, అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున, ఫేయట్‌విల్ అను చిన్న పట్టణమున జన్మించెను. బోస్టను నగరమున వాస్తుశిల్పిగా నుండిన యన్న ప్రోత్సాహముచే ఈ విద్యలో ప్రవేశించెను. హార్వర్డునందును, మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునందును చదివెను గాని పట్టము నందలేదు. మా విద్యార్థులు దీనిని సాకుగా గొనరాదు. 1927లో రాచ్ విద్యార్థి వేతనమును గెలిచి, రెండేండ్లు ఐరోపాలోని కట్టడములను పరిశీలించిన శ్రమను గూడ లెక్కింపవలెను. 1939లో ఫిలిప్ గుడ్విన్‌తో గలిసి న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలను నిర్మించి పేరొందెను. అది నున్నని గోడలకును, అద్దములకును మోజు పెరిగిన కాలము. పిమ్మట మద్యపానవ్యసనము ఆయనను క్రుంగదీసెను. 1954లో మరియా టార్చ్ అను నామెను వివాహమాడెను. ఆమె పట్టుదలచే త్రాగుడు మానెను. ఆ యేడే ఢిల్లీ పని ఆయన చేతికి వచ్చెను.

తన రాయబార భవనములు ఆయా దేశముల శీతోష్ణములకు తగినట్లుండవలెనని అమెరికా విదేశాంగశాఖ అప్పుడు నిశ్చయించియుండెను. ఢిల్లీ వేసవి యెట్టిదో చెప్పనేల? ఉత్త అద్దపు గోడలు నిలిపినచో లోపలివారు కొలిమిలో గూర్చున్నట్లే. స్టోను అంతకుముందు పనామాలో గట్టిన హోటలునందు, లోపలి నడవలను మాని, గదుల వెంట తెఱపి నడవలనమర్చి గాలి పారునట్లు చేసియుండెను. ఢిల్లీలో మొగలాయిల జాలీలు మఱియొక త్రోవ జూపెను. అద్దములకు వెలుపల నలువైపుల చిల్లుల దిమ్మెలతో తెరగోడను నిలిపెను. సిమెంటును, పాలరాతి పొడిని గలిపి, ఆ దిమ్మెలను పనిస్థలముననే చేతులతో పోతపోసిరి. ఎండ తెరమీద బడును. వెలుతురు మాత్రము మెత్తబడి లోనికి వచ్చును. పైకప్పు రెండు పొరలు, నడుమ గాలి తిరుగును. వెడల్పైన దాని యంచు బంగారుపూత గల సన్నని స్తంభములపై నిలుచును. భవనమునకు ఎత్తైన అరుగు. అరుగు క్రింద మోటారుబండ్లకు నీడ. నడిముంగిట కొలను, అందు మొక్కలు నిండిన తిన్నెలు, నీటిబుగ్గలు, పైన అల్యూమినియం వల. శీతలయంత్రములు లేకపోలేదు, వాని భారమును తగ్గించుటయే యీ యేర్పాటు.

1956 సెప్టెంబరు 1న అమెరికా ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ శంకుస్థాపన గావించెను. 1959 జనవరిలో ప్రారంభోత్సవము జరిగెను. నెహ్రూ ముగ్ధుడయ్యెను. ఒరుల పనిని సులభముగా మెచ్చని ఫ్రాంక్ లాయిడ్ రైటు గూడ మెచ్చెను.

1958 బ్రసెల్సు ప్రదర్శనమున, స్థలమందున్న చెట్లను నఱకింపక, వానిని లోపల నిడుకొనియే గుండ్రని మండపమును గట్టించెను. ఇది మాకు మిక్కిలి ప్రియము. కాని న్యూయార్కులోని తన యింటికిని అట్టి జాలీనే తగిలించుట మాకు రుచింపదు. అచ్చట ఢిల్లీ యెండ యేది? విమర్శకులును నవ్విరి. చికాగోలో నొక మహాసౌధమునకు పలుచని ఇటలీ పాలరాతి పలకలు సుమారు 43,000 తొడిగించెను. ఆ చలికి, వేడికి అవి వంగిపోగా, 1990 మొదలు 1992 వఱకు అన్నింటిని తీసివైచి తెల్లని గ్రానైటు పెట్టవలసివచ్చెను. ఆ మార్పును చూచుటకు ఆయన లేడు. 1978 ఆగస్టు 6న న్యూయార్కులో మరణించెను. ఆయన భస్మమును ఫేయట్‌విల్‌నకు గొనిపోయి, పుట్టినయూరి నేలలోనే యుంచిరి.