ఝాన్సీ మైదానంలో దిగిన ఎమీ

కారులో పెట్రోలు అయిపోతే రోడ్డు పక్కన ఆపుకుంటాం. మరి ఆకాశంలో అయిపోతే? ఎమీ జాన్సన్‌కు ఈ కష్టం పలుమార్లు ఎదురైంది.

1903లో ఇంగ్లండులోని హల్ పట్టణంలో, చేపల వ్యాపారి ఇంట పుట్టింది ఎమీ. బి.ఏ. చదివి, లండన్‌లో ఒక లాయరు ఆఫీసులో సెక్రటరీగా పనిచేస్తూ విమానం నడపడం నేర్చుకుంది. అంతటితో ఊరుకోలేదు. మెకానిక్కుల మధ్య చేరి, చేతులకు గ్రీజు అంటించుకుంటూ ఇంజను విప్పడం, బిగించడం కూడా నేర్చింది. 1929లో గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు సంపాదించింది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు అందుకున్న తొలి మహిళ ఆమే.

1930 మే 5న, 26 ఏళ్ల వయసులో, 'జేసన్' అనే పాత చిన్న విమానంలో ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరింది. రేడియో లేదు. అదనపు ట్యాంకులు ఉన్నా సరే, ఎక్కడ దిగి ఎంత పెట్రోలు పోయించుకోవాలో ముందే లెక్క వేసుకోవాలి. ఎదురుగాలి వీస్తే ఆ లెక్క తప్పుతుంది. విమానం నెమ్మదిగా సాగుతుంది, ఇంజను మాత్రం ఎప్పటిలాగే తాగుతుంది.

ఆరో రోజుకే కరాచీ చేరింది. అక్కడి నుంచి అలహాబాదు వెళుతుంటే పెట్రోలు చాలలేదు. చేసేదేముంది! ఝాన్సీలో సైనికుల కవాతు మైదానం కనబడితే అక్కడే దించేసింది. రెక్క దెబ్బతింది. బాగుచేయించుకుని మళ్ళీ ఎగిరింది. రంగూన్ దగ్గర ఇన్సీన్‌లో ఆటస్థలంలో దిగితే విమానం గుంటలో పడి ప్రొపెల్లరు విరిగింది, రెక్క చిరిగింది. పూర్వం విమానాలకు వాడిన గుడ్డతో కుట్టిన చొక్కాలను విప్పదీసి రెక్కకు అతుకులు వేశారక్కడ. మే 24న డార్విన్ చేరింది. ఒంటరిగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా చేరిన తొలి మహిళ అయింది.

1933లో భర్త జిమ్ మోలిసన్‌తో కలిసి అట్లాంటిక్ దాటింది. న్యూయార్కు ఇంకాస్త దూరంలో ఉందనగా పెట్రోలు అడుగంటింది. చీకట్లో బ్రిడ్జిపోర్టులో దిగబోతే విమానం బోల్తాపడి ఇద్దరూ గాయపడ్డారు.

యుద్ధం వచ్చాక విమానాలను ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే పనిలో చేరింది. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కిడ్లింగ్టన్‌కు బయలుదేరింది. గంట పైచిలుకు ప్రయాణం. వాతావరణం బాగాలేదు. మూడు గంటలు దాటాక, ఎక్కడో దూరాన థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట ఆమె పారాచూట్ కనిపించింది. దారి తప్పి పెట్రోలు అయిపోయి ఉంటుందనే చాలామంది నమ్మకం. నీళ్ళలో ఉన్నవారిని కాపాడాలని దూకిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా చలికి ప్రాణాలు విడిచాడు. ఎమీ దేహం దొరకనే లేదు.

ఝాన్సీలో, ఇన్సీన్‌లో దిగడానికి ఆమెకు కాస్త నేల దొరికింది. ఆ రోజు మబ్బుల కింద ఉన్నది చన్నీళ్ళే.