కందుకూరి రాజ్యలక్ష్మమ్మ: సంస్కరణమునకు నీడనిచ్చిన గృహిణి

ఆంధ్రదేశమున వితంతు వివాహోద్యమ చరిత్రను వ్రాయువారు కందుకూరి వీరేశలింగము పంతులుగారి ఉపన్యాసములను, వాదప్రతివాదములను విస్తరించి చెప్పి, ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మను ఒకటి రెండు వాక్యములతో ప్రశంసించి విడుచుట పరిపాటి. ఆ ప్రశంసయు ఆమె సహనమును కొనియాడుటతోనే ముగియుచున్నది. కాని ఆ యుద్యమము నడచిన తీరును పరిశీలించినచో, ఆమె పాత్ర కేవల సహనము కాదనియు, ఆమె పని లేనిచో ఆ వివాహములు జరుగుటయే దుర్ఘటమై యుండెడిదనియు తేటపడును.

రాజ్యలక్ష్మమ్మ 1851వ సంవత్సరమున రాజమహేంద్రవరమునకు సమీపమున నున్న కాతేరు గ్రామమున జన్మించెను. పుట్టినింట ఆమె పేరు బాపమ్మ. అక్కాలపు ఆచారము ననుసరించి బాల్యముననే వివాహమయ్యెను. రాజ్యలక్ష్మి యను పేరు పిదప వచ్చినది. పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించి స్త్రీవిద్యకై పాటుపడినవారు. ఆ దంపతులకు సంతానము కలుగలేదు.

హిందూ వితంతువుల పునర్వివాహమును చట్టసమ్మతము గావించిన శాసనము 1856లో వెలువడెను. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు సల్పిన కృషికి ఫలమది. అయితే మరల వివాహమాడిన స్త్రీకి పూర్వభర్త ఆస్తిపై గల హక్కులను ఆ శాసనమే తొలగించెను. కనుక పునర్వివాహమునకు సిద్ధపడిన వితంతువు రిక్తహస్తములతో రావలసినదే. పెక్కు కులములలో మారుమనువు ఆచారసిద్ధమై యుండగా, బ్రాహ్మణ కుటుంబములలో ఊహ తెలియక పూర్వమే భర్తను గోల్పోయిన బాలికకు ఆజన్మాంతము వైధవ్యమే గతిగా నుండెను. 1879లో పంతులుగారు వితంతు వివాహము శాస్త్రసమ్మతమని రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. పండితులు ఖండనములకు పూనుకొనిరి. రెండేండ్లకు పైగా ఆ పోరు మాటలతోనే సాగెను.

మాట కార్యరూపము దాల్చినది 1881 డిసెంబరు 11వ తేదీన. ఆనాడు గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వివాహము జరిగెను. విద్యార్థులు అండగా నిలిచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. అయినను ప్రతిపక్షముల చేతిలో ధనమునకు లొంగని ఆయుధ మొకటి యుండెను. అది బహిష్కారము. పురోహితుడు వెనుదీయును, బంధువులు గడప త్రొక్కరు, వంటవారు రారు, నీళ్లు మోయువారును రారు. నీరు, వంట లేనిదే పెండ్లి యెట్లు సాగును? అట్టి సమయమున రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి పోయి నీరు మోసికొని వచ్చి, పెండ్లికి వచ్చినవారికి వండి పెట్టెను. చట్టము గాని, శాస్త్రము గాని, ధనము గాని తీర్పజాలని కొరతను ఆమె శ్రమ తీర్చెను.

ఈ కార్యమున ఆమె పోగొట్టుకొన్నది స్వల్పము కాదు. పురుషునకు కచేరియు, కళాశాలయు, సభయు గలవు. బంధువులు విడిచినను ఆయనకు మాటలాడువారు మిగులుదురు. ఆ కాలపు గృహిణికి బంధుకోటియే లోకము. పేరంటములు, నోములు, పురుళ్లు, పుణ్యకార్యములు ఆమె సంఘజీవనము. వెలి యనగా వానినన్నిటిని ఒక్కమారుగా కోల్పోవుట. దానిని ఎరిగియు ఆమె భర్త చేపట్టిన కార్యమును వీడలేదు.

పెండ్లి జరిగిన నాటితో ఆమె పని ముగియలేదు. పంతులుగారి పూనికతో సుమారు 40 వితంతు వివాహములు జరిగినవని చెప్పుదురు. ఆ దంపతులును ఉభయపక్షముల బంధువులకు దూరమైనవారే. వారికి వసతియు, జీవనోపాధియు, ఆపత్కాలమున ఆదరణయు పంతులుగారి యింటినుండియే రావలసి వచ్చెను. కొందరి కలహములు, నిష్ఠూరములు సైతము ఆ గడపకే చేరెడివి. మెట్టినింట అత్తయు, పుట్టినింట తల్లియు చేయవలసిన ఉపచారములు రాజ్యలక్ష్మమ్మ పాలబడెను.

కాలక్రమమున ఆశ్రయభావము విస్తరించెను. వివాహమొక్కటియే వితంతువునకు తరణోపాయము కాదు. నీడయు, విద్యయు కావలయును. మద్రాసున నివసించిన కాలమున పంతులుగారు అచ్చట వితంతు శరణాలయమును నెలకొల్పిరి. 1905లో రాజమహేంద్రవరమున మరియొకటి వెలసెను. 1906లో హితకారిణీ సమాజము ఏర్పడెను. పంతులుగారు తమ ఆస్తిని దానికి సమర్పించిరి. గృహము సంస్థగా మారిన క్రమమిది. ఒక యింటి వంటశాలలో ఆరంభమైన ఆదరణ శరణాలయ రూపమున స్థిరపడెను.

రాజ్యలక్ష్మమ్మ 1910 ఆగస్టు 11వ తేదీన పరలోకగతురాలయ్యెను. పంతులుగారు మరి తొమ్మిదేండ్లు జీవించి, 1919లో గతించిరి.

ఆమెను గూర్చి మనకు తెలిసినదానిలో పెద్దభాగము భర్త రచించిన స్వీయచరిత్రము నుండి వచ్చినదే. కావున ఆమె జీవితము భర్త దృష్టితో, ఆయన కార్యమునకు సహాయకమైనంత మేరకే కనబడుచున్నది. ఆమెకు స్వయముగా కలిగిన సందేహములు, సంకల్పములు ఎట్టివో ఆ గ్రంథము నుండి సాకల్యముగా తెలియవు. అయినను అందు నమోదైన పనులే ఒక నిర్ణయమునకు చాలును. సంఘము ఆడుదానిని శిక్షింపదలచినపుడు మొదట ఆమెకు పొయ్యిని, నీటిని, గడపను దూరము చేయును. రాజ్యలక్ష్మమ్మ ఆ మూడింటిని వెలివేయబడిన స్త్రీలకు తిరిగి ఇచ్చినది. ఉద్యమ చరిత్రలో దీనికి సేవ యని కాక, కర్తృత్వమని పేరిడుట న్యాయము.