ఏడుకొండలకు బండి బాట చూపిన మోక్షగుండం

నెల్లూరు, సెప్టెంబరు 15: నెల్లూరు తీరంలోని పల్లెల్లో తిరుపతి మొక్కు లేని ఇల్లు అరుదు. పిల్లల పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, పంట ఇంటికి చేరినా, వలకు చేప బాగా పడినా ముడుపు కట్టుకొని కొండకు బయలుదేరడం ఇక్కడి ఆనవాయితీ. పొద్దున నెల్లూరులో బస్సెక్కినవారు మధ్యాహ్నం దాటేసరికి తిరుమల చేరుకొంటున్నారు. నడవలేని ముసలమ్మను కూడా కొడుకులు వెంట తీసుకుపోతున్నారు.

1944కు ముందు ఇది జరిగే పని కాదు. కొండ కింది వరకు రైలో, బండో ఉండేది. ఆపైన కాళ్లే దిక్కు. ఆ స్థితిని మార్చింది మొదటి ఘాట్ రోడ్డు. దానికి రూపకల్పన చేసిన ఇంజనీరుగా ప్రసిద్ధికెక్కినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొనే సెప్టెంబరు 15 ఆయన పుట్టినరోజు.

పూర్వీకులది తెలుగు గ్రామం

విశ్వేశ్వరయ్య 1861లో నాటి మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి తరలిపోయినవారు. ఊరు వదిలినా ఊరిపేరు ఇంటిపేరుగా మిగిలిపోయింది.

తండ్రి చిన్నతనంలోనే కన్నుమూశారు. చదువు కోసం బెంగుళూరు చేరిన విశ్వేశ్వరయ్య కలవారి పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ ఆదాయంతో సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తిచేశారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో పూనా వెళ్లి ఇంజనీరింగు చదివారు. 1883 పరీక్షలో ప్రథముడిగా నిలిచారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ పి.డబ్ల్యు.డి.లో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

ఏటి అడుగున సొరంగం

ఆయన పేరు బయటికి వచ్చింది సింధు రాష్ట్రంలోని సుక్కూరులో. ఆ పట్టణానికి మంచినీరు ఇచ్చే పని 1890 దశకంలో ఆయన చేతికి వచ్చింది. పక్కనే సింధునది ఉన్నా నీరంతా బురద. వడపోత తొట్లు కట్టడానికి మునిసిపాలిటీ వద్ద డబ్బు లేదు. అప్పుడు ఆయన నది ఒడ్డున బావి తవ్వించి, ఆ బావి నుంచి నది అడుగుకు సొరంగం తీయించారు. ఇసుకలో ఇంకి వడకట్టిన నీరు సొరంగం గుండా బావికి చేరింది. పెన్న ఇసుకలో చెలమ తీసి తేటనీరు ముంచుకొన్న మన జిల్లావారికి ఈ కిటుకు కొత్త కాదు. దాన్నే ఆయన పట్టణానికి సరిపడేటంత పెద్దది చేశారు.

1903లో పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి తనంతట తాను తెరుచుకొనే తలుపులు అమర్చారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలవచేసి, వరద మితిమీరినప్పుడు మాత్రం నీటిని వదిలే ఏర్పాటు అది.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరంలో గట్లు పెంచితే చాలదని, వరదను నగరానికి ఎగువనే ఆపాలని ఆయన తేల్చారు. ఆ సలహా ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయాలు.

1909లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా, 1912లో దివానుగా ఆయన నియమితులైనారు. కావేరిపై కృష్ణరాజసాగరం ఆయన హయాంలోనే మొదలైంది. అయితే బ్రాహ్మణేతర వర్గాలకు ఉద్యోగాల్లో వాటా కల్పించాలని మహారాజు సంకల్పించినప్పుడు ఆయన సమ్మతించలేదు. అర్హత ఒక్కటే కొలత కావాలని పట్టుబట్టి 1918లో దివానుగిరీ వదులుకొన్నారు. ఆ నిర్ణయంపై మెచ్చుకోలుతో పాటు విమర్శ కూడా నేటికీ ఉంది.

నడవలేనివారికి కొండ దూరం

తిరుమలకు అలిపిరి నుంచి మూడున్నరవేల పైచిలుకు మెట్లు. గాలిగోపురం చేరేసరికే ఆయాసం. ఆపైన మోకాళ్ల పర్వతం పేరుకు తగినట్లే ఉంటుంది. డబ్బున్నవారు డోలీ కట్టించుకొని మనుషుల భుజాలమీద వెళ్లేవారు. అంత స్తోమతు లేని ముసలివారు, కాళ్లు చచ్చుబడినవారు, పచ్చి బాలింతలు కొండను కింది నుంచి చూసి దండం పెట్టుకోవలసి వచ్చేది. స్వామి అందరివాడే అయినా దారి మాత్రం ఒంట్లో బలమో, చేతిలో డబ్బో ఉన్నవారిదిగా ఉండేది.

1933లో ఆలయ పాలన మహంతుల చేతి నుంచి దేవస్థానం కమిటీకి మారింది. అటు తరువాత దశాబ్దంలో బండ్లు నడిచే రోడ్డు పని కార్యరూపం దాల్చింది. అప్పటికి విశ్వేశ్వరయ్యకు ఎనభై ఏళ్లు నిండాయి.

ఒక అడుగు ఎత్తుకు 27 అడుగుల దారి

తిరుపతి పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 అడుగుల ఎత్తున ఉంది. తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది. అంటే బండి 2,300 అడుగులు పైకెక్కాలి. మనిషి మెట్ల మీద నిటారుగా ఎక్కగలడు గాని బరువుతో ఉన్న బండి ఎక్కలేదు. ఎక్కినా దిగేటప్పుడు బ్రేకులు నిలవవు. అందుకే ఘాట్ రోడ్డు వేసే ఇంజనీరు ముందుగా చూసేది వాలు. మొదటి ఘాట్ రోడ్డు పొడవు సుమారు 19 కిలోమీటర్లు. లెక్కవేస్తే సగటున ఒక అడుగు ఎత్తుకు 27 అడుగుల దారి పడుతుంది.

కొండకు అడ్డంగా కొంతదూరం పోయి, చోటు దొరికిన దగ్గర వెనక్కి తిరిగి, మళ్లీ అడ్డంగా పోవడమే ఈ దారి పద్ధతి. అలా వెనక్కి తిరిగే చోట్లే హెయిర్‌పిన్ మలుపులు. ఈ దారిలో అవి 36 అని చెబుతారు. ఘాట్ రోడ్డుకు లోపలి వైపు కొండను చెక్కాలి. లోయ వైపు రాతిగోడ లేపి, పైన పిట్టగోడ కట్టాలి. వాననీరు రోడ్డును కోసివేయకుండా కొండ పక్కన కాలువ తీసి, అక్కడక్కడ కల్వర్టుల గుండా లోయలోకి వదలాలి. వీటిలో ఏది తప్పినా ఒక్క తుపానుకే దారి జారిపోతుంది.

1944లో మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ఈ రోడ్డును ప్రారంభించారు. కొండను కింది నుంచి చూసి వెనుదిరిగే యాత్రికులకు ఆనాటితో పైకి దారి దొరికింది.

నేటికీ ఆదుకొంటున్న పాత దారి

విశ్వేశ్వరయ్యకు 1955లో భారతరత్న పురస్కారం లభించింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండిన తరువాత, బెంగుళూరులో కన్నుమూశారు.

ముప్పై ఏళ్లపాటు రాకకూ పోకకూ ఆ ఒక్క రోడ్డే ఆధారమైంది. యాత్రికులు పెరిగిపోవడంతో 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. అప్పటి నుంచి కొత్తది ఎక్కడానికి, పాతది దిగడానికి ఏర్పాటు చేశారు. 2021 డిసెంబరులో వానలకు పెద్ద బండలు విరిగిపడి రెండో ఘాట్ రోడ్డు దెబ్బతిన్నప్పుడు రాకపోకల బరువును మళ్లీ పాత దారే మోసింది.

కొండను దాటడానికి నేడు వేరే ఉపాయాలూ వచ్చాయి. కృష్ణపట్నం రేవును రాయలసీమతో కలిపే రైలుమార్గం కోసం వెలిగొండలను తొలిచి ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం వేశారు. 2019లో అది ప్రారంభమైంది. రైలుకు బస్సుకన్నా తక్కువ వాలు కావాలి. బస్సు తిరిగినంత మలుపులో రైలు తిరగలేదు. కనుక అక్కడ సొరంగమే శరణ్యం. తిరుమల శిఖరం మీదికే చేరవలసిన బండికి మలుపుల దారి సరిపోయింది. రెండు చోట్లా ఇంజనీరు మొదట వేసింది వాలు లెక్కే.

తలనీలాలు ఇచ్చి, లడ్డూ ప్రసాదం సంచిలో పెట్టుకొని తీరానికి తిరిగివచ్చే మన జిల్లా యాత్రికులు కిటికీలోంచి మలుపులు లెక్కపెట్టుకొంటారు. వారి బస్సు దిగివచ్చేది విశ్వేశ్వరయ్య రూపకల్పన చేసినట్లు చెప్పుకొనే ఆ మొదటి దారినే.