గ్రంథాలయ సారథి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

ఆంధ్రదేశమున ఏ గ్రామ గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొన్నను, ఆనాడు మొదట స్మరింపదగిన మహనీయులలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఒకరు. వారు 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. మదరాసులో ఎం.ఏ. పట్టము పొంది, ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరము చేరిరి. 1907లో బిపిన్ చంద్రపాల్‌గారి ఉపన్యాసములు ఆ పట్టణమును కదల్చివేసెను. వందేమాతర ఉద్యమమున ముందు నిలిచినందులకు హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి బహిష్కరించిరి.

అంతట వారు బెజవాడలో స్వరాజ్య పత్రికకు సంపాదకులైరి. 1908లో తిరునల్వేలి కాల్పులను ఖండించుచు ఆ పత్రికలో వెలువడిన వ్యాసమునకై వారికి మూడేండ్ల కఠిన కారాగార శిక్ష పడెను. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీ యను పేరు వారికట్లు వచ్చినది. ఒక్క వ్యాసమునకు ప్రభుత్వము అంతగా భయపడినదనిన, అక్షరమునకు గల బలమెంతటిదో ఊహింపవచ్చును. ఆ బలము చదువుకొన్న కొలదిమంది చేతులలోనే ఉండిపోరాదు. పల్లెలోని కూలివానికిని అందవలెను. వారి శేషజీవితమంతయు ఈ పనికే వినియోగమైనది.

1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిచే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. 1934లో హరిసర్వోత్తమరావుగారు ఆ సంఘమునకు అధ్యక్షులై, తుదిశ్వాస విడుచువరకు, అనగా పాతికేండ్లకు పైబడి, ఆ భారమును మోసిరి. వయోజన విద్యను గ్రంథాలయమునకు జోడించిరి. చదువురాని వానికి పుస్తకమిచ్చి ప్రయోజనమేమి?

ఆనాటి పెద్ద చిక్కు పుస్తకముల కొరత ఒక్కటే కాదు. ఉన్న పుస్తకమును తక్కువ ఖర్చుతో పల్లెకు చేర్చుట ఎట్లు? 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపి దీనికొక దారి చూపిరి. నీటిదారి చౌక, పడవ ఆగిన ప్రతి రేవును ఒక గ్రంథాలయమే. కాని పల్నాటి మెట్ట సీమకు ఆ భాగ్యము లేదు. నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలినది 1967లో. మాచర్ల, గురజాల ప్రాంతములకు పడవ ఎట్లు రాగలదు?

కాలువ లేని ఊరికిని చేరగల సాధనము చట్టము. గ్రంథాలయము దాతల దయపై గాక ప్రజల హక్కుగా నిలువవలెనని సంఘము కోరుచు వచ్చెను. రంగనాథన్‌గారి వంటి పెద్దల కృషియు తోడై, 1948లో మదరాసు పౌర గ్రంథాలయ చట్టము వచ్చెను. ఇంటిపన్నులో రూపాయికి ఆరు పైలు, అనగా అర్ధణా, గ్రంథాలయపు పన్నుగా చేరెను. ఒక్కొక్కరికి అర్ధణా బరువు కాదు. అందరి అర్ధణాలు కలిసి ఒక గ్రంథాలయమును నిలుపును.

1960వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన హరిసర్వోత్తమరావుగారు దివంగతులైరి. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చినదియు ఆ యేడే.

పిమ్మట కాలము మారినది. పంచాయతీ రేడియో వచ్చెను, టెలిఫోను వచ్చెను, నేడు ఇంటర్నెట్టు వచ్చినది. పరీక్షలకు చదువు విద్యార్థికిని, ధరలు తెలిసికొనగోరు రైతునకును కావలసిన విషయము క్షణములో వచ్చి చేరుచున్నది. కాని నెలనెలా కట్టవలసిన రుసుము గ్రంథాలయమునకు బరువైనచో, ఆ ఊరు నాటి పడవ చేరని మెట్టపల్లె వలెనే మిగిలిపోవును. కావున గ్రంథాలయములకు ఈ సౌకర్యము చౌకగా లభింపవలెనని కోరుట క్రొత్త కోరిక కాదు. హరిసర్వోత్తమరావుగారి తరము అర్ధణా పన్నుతో సాధించిన హక్కునకు అది కొనసాగింపు. 2022లో నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన మన పల్నాడు జిల్లాలో ప్రతి గ్రంథాలయము తలుపు తట్టిన పేద పాఠకుడు వట్టిచేతులతో మరలిపోనినాడే, ఆ మహనీయుని ఋణము కొంతైనను తీర్చుకొన్నవారమగుదుము.