సెలవుకొచ్చి ఉండిపోయిన భాభా

రోజూ మా బస్సు టాటా ఇన్‌స్టిట్యూట్ ముందు నుంచే వస్తుంది. 1939లో కేంబ్రిడ్జి నుంచి సెలవుకొచ్చిన హోమీ భాభా, యుద్ధం మొదలై తిరిగి వెళ్లలేక, ఇక్కడే రీడరుగా చేరారని మొన్ననే తెలిసింది నాకు!

బొంబాయి వెళ్లాక అణువిద్యుత్తు పట్టుకున్నారు. ఒంటరిగా అయ్యే పని కాదు కదా, పరాయి దేశాలతో పొత్తు కలిపారు. 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టరు మనవాళ్లే కట్టారు, ఇంధనం మాత్రం బ్రిటన్ ఇచ్చింది. తర్వాత సైరస్‌కి కెనడా రియాక్టరు, అమెరికా భారజలం. శాంతియుత పనులకే వాడాలన్నది షరతు.

1966 జనవరి 24న ఆల్ప్స్ కొండల్లో విమానం కూలి భాభా పోయారు. 56 ఏళ్లే. 1974లో సైరస్ ప్లుటోనియంతో పోఖ్రాన్ పేలుడు జరిగింది. అదీ శాంతియుతమే అన్నారు మనవాళ్లు. కెనడా పొత్తు తెంచుకుంది. నాకైతే ఆ కోపం న్యాయమే అనిపించింది; మా ఫిజిక్స్ మేడమ్ మాత్రం ఒప్పుకోలేదు.